చాలునన్న వ్యాపారము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగస్థుల సభలో వ్యాపారమును గూర్చి మాటలాడుట కొంత వింతగా తోచవచ్చును. నెల తిరుగగానే జీతము పుచ్చుకొనువానికి లాభనష్టముల సంగతి ఏమి తెలియునని మీలో కొందరు నవ్వుకొనవచ్చును కూడ. నేను కళాశాలలో చదివినది చరిత్ర, అర్థశాస్త్రము. అటుపిమ్మట చేసినదంతయు ఫైళ్ళ పనియే. వ్యాపారము నేనెన్నడును చేయలేదు. కాని అది ఒక కుటుంబమును ఎట్లు నిలుపునో, ఎట్లు కూల్చునో చిన్నతనమున దగ్గరనుండి చూచితిని. ఆ సంగతితోనే ప్రారంభించుటకు మీ అనుమతి వేడుచున్నాను.

మా మేనమామగారు కోస్తాజిల్లాలోని ఒక పట్టణమున కోర్టుల వీథిలో భోజనహోటలు నడుపుచుండెడివారు. నలుబదిమంది కూర్చుండుటకు మాత్రమే చోటు. తెల్లవారకముందే మార్కెట్టుకు పోయి కూరగాయలు తామే ఏరి తెచ్చెడివారు. పప్పులో ఉప్పు, చారులో పులుపు తామే చూచెడివారు. వకీళ్ళు, గుమాస్తాలు, వాయిదాలకు వచ్చిన పల్లెటూరి రైతులు పండ్రెండు గంటలకే వరండాలో వేచియుండెడివారు. అది చూచిన శ్రేయోభిలాషులు ఊరకుండలేదు. "ఇంత గిరాకి పెట్టుకొని ఇంకొక హోటలు తెరువకపోవుట చేతకానితనము కాదా?" యనిరి. బ్యాంకువారును అప్పిచ్చిరి. బస్సుస్టాండు దగ్గర రెండవ హోటలు వెలసెను. వంటవాండ్రను ఇటు సగము, అటు సగము పంచిరి. పాత్రలు పంచిరి. కాని మామయ్య ఒక్కరే. ఆయన కొత్తచోట ఉన్ననాడు పాతచోట చారు చెడెను. పాతచోట ఉన్ననాడు కొత్తచోట గల్లాపెట్టె తరిగెను. ఏడాదిన్నర తిరుగకముందే రెండును మూతపడెను. ఇల్లు తాకట్టులోనికి పోయెను. అత్తయ్యగారి చేతిగాజులు పోయిన విధము మా ఇంట ఇప్పటికిని ఎవరును ఎత్తరు.

గ్రహచారము బాగుండలేదని పెద్దలు తీర్మానించిరి. నాకు మాత్రము ఆ మాట చాలలేదు. నలుబది మందికి అంత చక్కగా భోజనము పెట్టినవారు ఎనుబది మందికి ఏల పెట్టలేకపోయిరి? ఆయన నేర్పులో లోపమా, కష్టములో లోపమా? లేక, పెరుగవలెనన్న ఆ సలహాలోనే లోపమా? చాలకాలము తరువాత, ఉద్యోగరీత్యా చిన్నపరిశ్రమలకు సంబంధించిన కాగితములు నా చేతిమీదుగా నడచిన దినములలో ఈ ప్రశ్న మరల తల యెత్తెను. ఆ కాగితములలో విస్తరణపథకమును వ్రాయుటకు చోటుండెను. "విస్తరణ అక్కరలేదు, ఉన్నదానిని చక్కగా చేయుదును" అని ఒకడు వ్రాయదలచినచో, దానికి చోటు లేకుండెను. నేటి నా ప్రసంగము ఆ లేని గడిని గూర్చి.

మొట్టమొదట ఒక విభాగము చేసికొందము. మనదేశములో చిన్నవ్యాపారములు కోట్లకొలది కలవు. అవన్నియు ఒకే కారణమున చిన్నవి కావు.

కొన్ని లేమిచేత చిన్నవి. తెల్లవారుజామున వడ్డీవ్యాపారియొద్ద తొమ్మిదివందలు పుచ్చుకొని, చీకటిపడువేళకు వేయి చెల్లించు బండివాడు చిన్నగా ఉండుటను తాను కోరుకొనలేదు. అతనికి పెట్టుబడి లేదు, పూచీ లేదు, నిలువనీడ లేదు. అతని చిన్నతనమును మెచ్చుకొని ఉపన్యాసములిచ్చుట క్రూరత్వము. అతడు పెరుగవలెను, పెరుగుటకు ప్రభుత్వమును, బ్యాంకులును తోడ్పడవలెను.

మరికొన్ని చట్టమును చూచి చిన్నవైనవి. 1967లో కేంద్రప్రభుత్వము 47 వస్తువులను చిన్నపరిశ్రమలకే ప్రత్యేకించెను. ఆ జాబితా క్రమముగ పెరిగి 800 దాటెను. తరువాత ఒక్కొక్కటిగ తొలగించుచు వచ్చి, 2015 ఏప్రిల్‌లో కట్టకడపటి 20 వస్తువులను విడిచిపెట్టిరి. పచ్చళ్ళు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, గాజుగాజులు, విద్యార్థుల వ్రాతపుస్తకములు ఈ చివరి జాబితాలోనివే. ఉద్దేశము మంచిది. చేతిపనివారిని పెద్ద యంత్రశాలల పోటీనుండి కాపాడుటయే దాని లక్ష్యము. కాని పరిమితి దాటిన మరుక్షణము రక్షణ పోవుననగా మనుష్యులేమి చేయుదురు? బాగుగ నడచు కర్మాగారమును పెంచుటకు మారుగా, భార్యపేర నొకటి, తమ్మునిపేర నొకటి పెట్టి మూడు ముక్కలు చేయుదురు. ఇరువదిమంది పనివారున్న సంస్థకు ప్రావిడెంటు ఫండు చట్టము వర్తించును గనుక, పందొమ్మిదవవాని దగ్గర ఆగి, ఇరువదవవానిని లెక్కలోనికి రానీయని యజమానులును కలరు. అట్టి చిన్నతనము పనివాని వృద్ధాప్యమును దొంగిలించి కూడబెట్టినది. దానికిని మన మెప్పు అక్కరలేదు.

చిన్న యనగా ఎంత యను ప్రశ్నకు సర్కారువారి సమాధానము కూడ వినదగినది. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిర్వచనము ప్రకారము, యంత్రములపై పెట్టుబడి 25 కోట్లకును, సాలుకు అమ్మకము 100 కోట్లకును మించని సంస్థ చిన్నసంస్థ యగును. మామయ్యగారి హోటలు ఆ లెక్కన ధూళికణము. కావున అంకెలను బట్టి ఈ విషయము తేలదు.

ఇక మూడవ తెగ. ఇవి పెరుగగలిగియు పెరుగవు. గిరాకి యున్నది, అప్పు పుట్టును, పేరున్నది. అయినను యజమాని ఒకచోట నిలిచి "చాలును" అనును. నేడు నేను చెప్పదలచినది ఈ తెగను గూర్చియే. వీరు చాలుననుట సోమరితనముచేత కాదు. తమ పనిలో దేనివలన విలువ పుట్టుచున్నదో వీరికి తెలిసియుండును. సంఖ్య పెరిగినచో మొట్టమొదట చెడునది అదియే యని కూడ తెలిసియుండును.

దీనికి శాస్త్రసమ్మతియును కలదు. రోనాల్డ్ కోస్ అను ఆంగ్లేయ అర్థశాస్త్రజ్ఞుడు 1937లో ఒక వ్యాసము ప్రకటించెను. ఐదు దశాబ్దముల పిమ్మట, 1991లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చుటకు ఆ వ్యాసము ఒక ముఖ్యకారణము. ఆయన వేసిన ప్రశ్న పసిపిల్లవాని ప్రశ్నవలె నుండును: అన్నియు బజారులో కొనదగినప్పుడు అసలు సంస్థ యనునది ఏల పుట్టినది? పుట్టినది పెరుగుచు పోయి దేశమంతయు ఒకే సంస్థ కాకుండుటకు అడ్డేమి? మొదటిదానికి జవాబు: ప్రతి చిన్నపనికి బజారులో మనిషిని వెదకి, బేరమాడి, ఒప్పందము వ్రాసికొనుటకును ఖర్చున్నది. ఆ ఖర్చు తగ్గించుకొనుటకే నలుగురిని ఒకచోట చేర్చుదుము. రెండవదానికి జవాబు: చేర్చినవారిని నడుపుటకును ఖర్చున్నది. జనము పెరిగినకొలది యజమాని కన్ను పలుచబడును, పొరపాట్లు పెరుగును. ఒకానొక చోట ఈ రెండవ ఖర్చు మొదటిదానిని మించును. సంస్థ ఆగవలసినది అక్కడనే.

సెక్రటేరియటులో పనిచేయు మనకు ఈ సూత్రము బోధపడుటకు నోబెలు గ్రహీత అక్కరలేదు. ఒక సెక్షనులో ఇద్దరు ముగింపగల ఫైలు ఏడుగురి బల్లలు తిరిగినప్పుడు ఏమగునో మనకు నిత్యానుభవమే. కోస్ చెప్పిన గీత మామయ్యగారి విషయమున నలుబది కుర్చీల దగ్గర ఉండెను. ఆ గీత ఎచ్చట నున్నదో ఆయనకు ఎవరును చెప్పలేదు. దాటిన పిమ్మటగాని తెలియలేదు.

గీతను ఎరిగి నిలిచినవారిని ఇప్పుడు చూతము. మొదట మన గోదావరి ఒడ్డుననే ఆగుదము. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు ఫౌంటెను పెన్నుల పని 1932లో ప్రారంభించిరి. అవి స్వదేశీ దినములు. మన కార్యాలయములలోను, విద్యాలయములలోను వ్రాయు కలములు సీమనుండి వచ్చుచుండెను. 1934 డిసెంబరులో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమేర్పడెను. దాని కార్యదర్శి జె.సి. కుమారప్పగారు. కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి, పద్దుల పరిశీలకుడుగా వృత్తిచేసి, అదంతయు వదలి గ్రామముల ఆర్థికవ్యవస్థకై జీవితమర్పించిన మహనీయుడాయన. ఆయన ద్వారా రత్నముగారి కలము గాంధీమహాత్మునికి చేరెను. 1935 జులైలో మహాత్ముడు జాబు వ్రాసి కృతజ్ఞత తెలిపిరి. తాము దానిని వాడిచూచితిమనియు, బజారులోని విదేశీ కలముల స్థానమున అది నిలువదగినదిగా తోచినదనియు తెలియజేసిరి.

అంతటి మాట చేతబడిన తరువాత వేరొకరైనచో ఏమి చేసియుందురో ఊహింపుడు. ఆ పేరును ఊరూరి గోడలమీద వ్రాయించి, లక్షలకొలది కలములు పోతపోయించి యుందురు. రత్నముగారి కుటుంబపు పని అటువైపు పోలేదు. ఎబొనైటు అనగా రబ్బరును గంధకముతో కలిపి చాలసేపు కాచగా ఏర్పడు గట్టి పదార్థము. దాని కడ్డీని లేతుమీద తిప్పి, చేతితో తొలిచి, మూతకు మరలు కోసి, మెరుగుపెట్టి, పాళీ అమర్చి ఒక్కొక్క కలమును తయారుచేయుటయే ఆ పని. కడ్డీ ఎంత తొలువవలెనో, మర ఎంత బిగువుండవలెనో చెప్పునది వ్రేలి స్పర్శయే. పాళీని వ్రాయువాని చేతివాటమును బట్టి సవరింపవలెను. దీనిని నూరురెట్లు చేయవలెనన్నచో చేతిని తీసివేసి అచ్చు పెట్టవలెను. అచ్చులో పోసిన కలము చౌకయగును. కాని అట్టి కలము ఎవరైనను చేయగలరు.

తరువాతి చరిత్ర మీరెరిగినదే. బాల్‌పెన్ను వచ్చి సిరాకలమును వెనుకకు నెట్టెను. అటుపిమ్మట కంప్యూటరు వచ్చి కలమునే వెనుకకు నెట్టెను. నేడు మన నోటుషీట్లు కూడ తెరమీదనే నడచుచున్నవి. చౌకకలములను కోట్లకొలది చేసినవారికి ఈ మార్పు ప్రాణసంకటమయ్యెను. చేతికలము చేయువారికి మాత్రము, సంఖ్య తక్కువయైనను, కోరి వెదకికొనివచ్చువారు మిగిలిరి. తొంబదియేండ్లు దాటినను ఆ ఊరిలో ఆ కుటుంబపు కలములపని నిలిచియున్నది. అందరికి కావలసిన వస్తువును చేయువాడు అందరి అభిరుచితోపాటు తానును కొట్టుకొనిపోవును. కొందరికే కావలసినదానిని, వారికి వేరొకచోట దొరకనంత బాగుగ చేయువాడు నిలుచును.

ఆ గోదావరి సీమలోనే ఆత్రేయపురము పూతరేకులను తలచుకొందము. 2023లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రేకు పుట్టు విధము చూచినవారు మరువరు. కుండను బోర్లించి, క్రింద మంట పెట్టి, పలుచని బట్టను బియ్యపుపిండి జావలో ముంచి, ఆ వేడికుండపై ఒక్కసారి పరచి తీయుదురు. రెప్పపాటులో కాగితముకన్న పలుచని రేకు లేచును. మంట హెచ్చినచో మాడును, తగ్గినచో అంటుకొనును, చేయి ఆలస్యమైనచో చిరుగును. ఈ పని ఇండ్లలో స్త్రీల చేతిమీద నడచుచున్నది. ఇచ్చట చిన్నతనము పని స్వభావములోనే యున్నది. గిరాకి పెరిగినచో ఇంకొక యింట ఇంకొక కుండ పెట్టవలసినదేగాని, కుండను ఊరంత చేయుటకు వీలులేదు. ఊరు సంపన్నము కావచ్చును. కుండ మాత్రము కుండగానే ఉండవలెను.

అయితే చిన్నగా ఉండుటయనగా ఒకచోట గడ్డకట్టుట యని అర్థము చేసికొనరాదు. ఈ సందేహమునకు చక్కని సమాధానము అమెరికాలో నొకచోట దొరకినది. మిషిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ అను విశ్వవిద్యాలయ పట్టణము కలదు. అచ్చట పాల్ సాగినా, ఆరీ వైన్జ్‌వైగ్ అను ఇద్దరు మిత్రులు 1982లో జింగర్‌మన్స్ అను తినుబండారముల దుకాణము తెరచిరి. మంచి రొట్టె, మంచి జున్ను, చేతినిండుగ శాండ్‌విచ్, ఇదియే వారి సరకు. పదియేండ్లలో పేరు దేశమంతట ప్రాకెను. ఫ్రాంచైజీ యిండు, మా ఊరిలోను ఆ పేరుతో దుకాణము పెట్టుదుమని అడుగువారు బయలుదేరిరి. అప్పుడు సాగినా తన మిత్రుని దుకాణము బయటి బల్లపై కూర్చుండబెట్టి, ఇంకొక పదియేండ్లకు మనమేమి కావలెనని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తేలుటకు వారికి దాదాపు రెండేండ్లు పట్టెను.

1994లో వారు వ్రాసికొన్న నిర్ణయము ఇది. ఆ దుకాణమునకు నకళ్ళు ఎచ్చటను పుట్టవు. తమ ఊరి చుట్టుపట్లనే, దేనికదియైన చిన్నసంస్థలు పుట్టును. ప్రతిదానికి స్వంత నేర్పు ఉండవలెను. ప్రతిదానికి, అందులో భాగస్వామియై దానినే కనిపెట్టుకొనియుండు మనిషి ఉండవలెను. ఆ విధముగ జున్నుశాల, కాఫీ వేపుడుశాల, తపాలా ద్వారా సరకు పంపు సంస్థ, తమ పద్ధతులను ఇతరులకు నేర్పు శిక్షణసంస్థ వెలసినవి. జమాఖర్చులు పనివారందరికి తెలియునట్లు బల్లమీద పెట్టుదురు. రొట్టె చేయుట నేర్చిన పనివాడు ఎదిగి భాగస్వామి కావచ్చును. మామయ్యగారు చేసినదానికిని, వీరు చేసినదానికిని గల తేడా గమనింపుడు. ఆయన ఒక హోటలును రెండు సగములు చేసిరి. వీరు ముందు మనిషిని సిద్ధపరచి, ఆ మనిషికి తగిన దుకాణమును కట్టిరి.

ఇక నిలిచినవాడు గీత దాటినచో ఏమగునో జపానుదేశము చెప్పును. ఒసాకా నగరమున శితెన్నోజి అను బౌద్ధాలయము కలదు. దానిని కట్టుటకు కొరియాలోని పెక్చే రాజ్యమునుండి వడ్రంగులను రప్పించిరి. వారిలో నొకనితో క్రీ.శ. 578లో మొదలైనది కొంగో గుమి అను ఆలయనిర్మాణ సంస్థ. మన దేశమున హర్షవర్ధనుడు ఇంకను పుట్టని కాలమది. పదునాలుగు శతాబ్దములు ఆ కుటుంబము కొయ్యతో దేవాలయములు కట్టుచు, మరమ్మతు చేయుచు వచ్చినది. తగిన కొడుకు లేనప్పుడు అల్లునికి ఇంటిపేరిచ్చి పీఠమెక్కించెడివారు. మన ఇల్లరికమువంటిదే, కాని చూచునది నేర్పును, రక్తమును కాదు. యుద్ధములు వచ్చినవి, రాజ్యములు మారినవి, సంస్థ నిలిచినది.

దానిని కూల్చినది భూకంపము కాదు, యుద్ధము కాదు. 1980వ దశకమున జపానులో భూముల ధరలు ఆకాశమునంటినప్పుడు, కొంగో గుమి అప్పుతెచ్చి భూములు కొన్నది. 1990 తరువాత ధరలు కూలినవి. అప్పు మాత్రము కూలలేదు. ఆలయములకు వచ్చు కానుకలును తగ్గుటచే పనియును తగ్గెను. 2006లో ఆ సంస్థ తకమత్సు అను పెద్ద నిర్మాణసంస్థ క్రిందికి పోయినది. పేరు మిగిలినది, వడ్రంగుల పనియును మిగిలినది. పదునాలుగు వందల యేండ్ల స్వాతంత్ర్యము పోయినది. తన పని వదలి పొరుగుపని ముట్టినందుకు, అదియును అప్పుతో ముట్టినందుకు, చెల్లించిన మూల్యమిది.

ఇప్పుడు మీలో కొందరి మనస్సున నొక ఆక్షేపణ మెదలుచుండును. అందరును చాలునన్నచో దేశము ముందుకెట్లు పోవును? న్యాయమైన ప్రశ్న. ఉక్కును పెరటిలో కాచలేము. రైలుమార్గమును ఇంటికొకటి వేయలేము. మందుబిళ్ళలు పదిలక్షలు చేసినను కడపటిది మొదటిదానివలెనే యుండును, ధరయు తగ్గును. అచ్చట పెద్దగా చేయుటయే ధర్మము. పెరిగినకొలది వస్తువు చెడక చౌకయగుచోట పెరుగవలెను. పెరిగినకొలది వస్తువు పలుచనగుచోట నిలువవలెను. ఏది ఏదో తెలిసికొనుటలోనే వివేకమున్నది.

మరియొక ఆక్షేపణ కూడ కలదు. చిన్నసంస్థ యజమానికి జబ్బు చేసినచో తలుపు మూయవలెను. చేతికింద నేర్చిన కుర్రవాడు పైకి దారి లేక వెళ్ళిపోవును. ఇదియును నిజమే. అందుచేతనే కోరి చిన్నగా నిలుచువానికి, పెద్దవానికంటె ఎక్కువ క్రమశిక్షణ కావలెను. చెడుదినముల కొరకు నిలువ ఉంచవలెను; అప్పుపై ఆధారపడినవానికి చాలునను స్వేచ్ఛ లేదు, వాయిదా సొమ్మే అతనిని పెరుగుమని తరుమును. వస్తువునకు తగిన ధర అడుగుటకు సిగ్గుపడరాదు. చౌకలో పెద్దవానితో పోటీపడిన చిన్నవాడు బ్రతుకడు. పనివానికి న్యాయమైన కూలియును, వృద్ధాప్యమునకు ఆధారమును ఈయవలెను. తన తరువాత పని నెవరు చేయుదురో తాను బలముగా ఉన్ననాడే తేల్చుకొనవలెను. ఈ నాలుగును లేని చిన్నతనము ఎన్నిక అనిపించుకొనదు. అది వాయిదాపడిన పతనము మాత్రమే.

ఈ మాటలు మన సభలో చెప్పుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. మనలో ప్రతియేట కొందరు పదవీవిరమణ చేయుచున్నారు. చేతికి గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము వచ్చును. వచ్చిన వారమునకే ఇంటికి సలహాదారులు వత్తురు. ఫలానా పేరుతో దుకాణము, ఫలానా ఫ్రాంచైజీ, రెండేండ్లలో మూడు శాఖలు అని లెక్కలు చూపుదురు. మన పిల్లలలోను కొందరు ఉద్యోగము వదలి స్వంతముగ ఏదైన చేయవలెనని ఉబలాటపడుచున్నారు. వారిని నిరుత్సాహపరచుట నా ఉద్దేశము కాదు. కాని శాఖల లెక్కకు ముందు ఇంకొక లెక్క వేయవలెనని మాత్రము మనవి. ఈ పనిలో విలువ ఎక్కడ పుట్టుచున్నది? చేతిలోనా, కంటిలోనా, యంత్రములోనా? దానిని రెండవచోటికి కొనిపోవచ్చునా? కొనిపోవు మనిషి సిద్ధముగ నున్నాడా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకువరకు గ్రాట్యుటీ సొమ్మును పెట్టె దాటనీయకుడు.

మామయ్యగారి కథ ముగింపక మిమ్ము విడువరాదు. తాకట్టు విడిపించుకొనుటకు ఆయనకు తొమ్మిదేండ్లు పట్టెను. ఆ తొమ్మిదేండ్లును ఆయన ఒక ఇరుకుసందులో టిఫిను హోటలు నడిపిరి. ఎనిమిది బల్లలు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, కాఫీ. అంతకుమించి ఏమియు లేదు. తొమ్మిది గంటలకు పిండి అయిపోవును, తలుపు మూయుదురు. నాకు ఉద్యోగమైన కొత్తలో సెలవుకు పోయి ఆ సందులో జనము నిలిచియుండుట చూచితిని. చదువుకొన్నవాడను గదా, ఊరకుండక, "పక్కగది ఖాళీగానే యున్నది గదా మామయ్యా, ఇంకొక నాలుగు బల్లలు వేయరాదా?" యని అడిగితిని.

ఆయన కోపపడలేదు. పెనముపై అట్టు తిరుగవేయుచునే నావైపు చూచి, "ఎనిమిది బల్లలకు నేను సరిపోవుదునురా నాయనా. తొమ్మిదవది వేసినచో ఎవరికో ఒకరికి నేను చాలను. ఆ ఒక్కరు ఎవరని నన్నడిగిన నేనేమి చెప్పుదును?" అనిరి.

అటుపిమ్మట నేను చదివిన అర్థశాస్త్రములో కోస్ పండితుడు కూడ ఇంతకంటె స్పష్టముగ చెప్పినట్లు నాకు తోచలేదు. ఆ హోటలు ఆదాయముతోనే ఇల్లు తిరిగి వచ్చినది. ఇద్దరు కూతుళ్ళ పెండ్లిండ్లు జరిగినవి. అత్తయ్యగారికి గాజులు మాత్రము ఆయన కడపట చేయించిరి. అవి వెనుకటి వానికంటె కొంచెము సన్ననివి. ఆమె వానిని చివరివరకు తీయలేదు.